కవ్వాలీ డ్రమ్ము మీద ఒక సాయంత్రం

ఆ రోజుల్లో రియాద్‌లో నాది అని చెప్పుకోడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో (అంటే నన్ను రప్పించిన యజమాని బీరువాలో), పగలంతా కంపెనీ సైటులో, మిగిలిన నిద్ర కంపెనీ బస్సులో ఉండేవి. శుక్రవారం మాత్రం నాదే, కానీ దాన్ని మురికిబట్టలు తినేసేవి. అటువంటి పరిస్థితుల్లో ఇంజనీరింగ్ చదివిన ఆత్మాభిమానం గల కుర్రాడు ఏం చెయ్యాలో నేనూ అదే చేశాను. మా అమ్మ ఆవకాయ పెట్టినంత శ్రద్ధగా బీరు పెట్టాను. అక్కడ అది నేరమని తెలియక కాదు, బాగా తెలుసు. తెలియక చేసేవాటిని పొరపాట్లంటారు. నాకు పొరపాట్లు చేసే అలవాటు లేదు.

మలాజ్ అనే పేటలో పాత బిల్డింగు రెండో అంతస్తులో ముగ్గురం ఉండేవాళ్ళం. ఒకడిని నేను. రెండోవాడు మా బావ, మా అక్క మొగుడు. అల్ ఖర్జ్ వైపు ఒక పాల డెయిరీలో లెక్కలు రాసేవాడు. పెరుగు పోసే ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చిపెట్టింది ఆయనే (తను కేవలం డ్రమ్ము సప్లయర్ననీ, పాపంలో వాటాదారుణ్ణి కాననీ వాదించేవాడు. గ్లాసు మాత్రం అందరికంటే ముందు చాపేవాడు). మూడోవాడు మామూ. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, ఏసీ మెకానిక్, అయిదు పూటలా నమాజు చేసేవాడు, జన్మలో చుక్క ముట్టనివాడు. అయినా మా బీరుకి తుది తీర్పు ఆయనదే. ఎందుకంటే ఆయనకు సంగీతం పిచ్చి, మా బీర్లన్నీ పాటలకు పుట్టినవి.

దీని వెనక ఒక సిద్ధాంతం ఉంది. సీసాల్లో దొరికే మాల్టు పానీయం, పంచదార, రొట్టెల్లో వేసే ఈస్టు. ఈ మూడూ రియాద్‌లో ప్రతి తాగుబోతు దగ్గరా ఉండేవే. తేడా రావాలంటే అందులో మన మనసుకు నచ్చిన పాట దిగాలి. నేను చిన్నప్పుడు వీణ నేర్చుకోబోయి విరమించుకున్నవాణ్ణి, అంచేత రాగాలతో మొదలుపెట్టాను. తేనె పోసి మోహన చేశాను. నీలాంబరి జోలపాటల రాగం కదా, అది తాగిన బావ మర్నాడు ఆఫీసు వ్యాను డ్రైవరు వచ్చి తలుపు తట్టినా లేవలేదు. అమృతవర్షిణి పాడితే వాన కురుస్తుందంటారు. ఆ పేరు పెట్టిన సీసా మూత ఊడి గది పైకప్పు నుంచి చాలాసేపు కురిసింది. ముఖారి గురించి చెప్పను. తాగినవాళ్ళందరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయని మాత్రం మనవి చేస్తాను.

మామూ ప్రతి డ్రమ్ము దగ్గరా వంగి, కళ్ళు మూసుకుని వాసన చూసేవాడు.

"ఏం తమ్మీ, గిదేనా నీ మోహన? గిది ఎండల మర్చిపోయిన మజ్జిగ లెక్క కొడ్తుంది. పేరు మార్చు."

"మామూ, నువ్వు తాగవు కదా, నీకెలా తెలుసు?"

"పాట గురించి మాట్లాడుతున్న బే. తాగుడు మీ గునా, పాట నా సవాబ్. పాపం పుణ్యం రెండూ కలపకు."

చివరికి ఆయన కోరిక మీదే కవ్వాలీ డ్రమ్ము మొదలైంది. నెమ్మదిగా ఎత్తుకోవాలి, మధ్యలో చప్పట్లు పడాలి, ఆఖరికి కూర్చున్నవాడు లేచి నిలబడాలి. ఇదీ ఆయన ఇచ్చిన కొలత. ఖర్జూరం పాకం పోశాను. పక్కన ఆయన టేప్‌రికార్డర్‌లో కవ్వాలీలు రాత్రీ పగలూ మోగేవి. ఈస్టుకి పాట వినబడితే ఉషారుగా పని చేస్తుందని మా నమ్మకం. నమ్మకం కాకపోయినా అవసరం. ఎందుకంటే డ్రమ్ము మూతకి బిగించిన సన్నగొట్టం నీళ్ళ సీసాలోకి దిగేది, లోపల గాలి పుట్టినప్పుడల్లా అది "బుడుక్" అనేది. ఆ బుడుక్కుని పాట కప్పేసేది. అజాన్ వినబడగానే మాత్రం ఎవరు దగ్గరుంటే వాళ్ళు టేపు ఆపేవాళ్ళం. మామూ పెట్టిన నియమం అది. నాకూ బావకీ కూడా చేతికి అలవాటైపోయింది.

ఇప్పుడు అక్క సంగతి. అక్క అదే ఊళ్ళో ఒక ఆసుపత్రిలో నర్సు, ఆడవాళ్ళ హాస్టల్లో ఉండేది. పెళ్ళయి రెండేళ్ళయినా బావా తనూ మ్యారేజ్ సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని షాపింగ్ సెంటర్లో కలుసుకునేవాళ్ళు, కొత్తగా ప్రేమలో పడ్డవాళ్ళలా. బావ పేరున ఫ్యామిలీ ఫ్లాటు అద్దె కాగితం చూపిస్తే గానీ ఆసుపత్రివాళ్ళు ఆమెను బయటకు పంపరు. బ్రహ్మచారుల దగ్గర్నుంచి వచ్చినవాడికి ఫ్యామిలీ ఫ్లాటు ఎవరూ ఇవ్వరు. తిరిగి తిరిగి చివరికి మా బిల్డింగు ఓనర్ షేక్ గారినే అడిగితే, పక్కనే ఉన్న తన ఇంకో బిల్డింగులో ఒక ఫ్లాటు ఉందన్నాడు. "ముందు మీరున్న ఇల్లు చూస్తాను. ఇల్లు చూస్తే మనిషి తెలుస్తాడు" అన్నాడు. ఈ మాట విన్న అక్క ఫోన్లో బావతో, "ఈసారి కూడా కుదరకపోతే ఈ కాపురం ఇలా ఫోన్లోనే ఉంచేద్దాం లెండి, ఖర్చు తక్కువ" అంది. అక్క కోపంలో ఎప్పుడూ పొదుపు మాటలే.

షేక్ గారు అసర్, అంటే సాయంత్రపు నమాజు అయ్యాక వస్తానని కబురు పెట్టేసరికి కవ్వాలీ డ్రమ్ము చప్పట్ల దశలో ఉంది. కుళాయిలు చూడ్డానికి బాత్రూమూ, వంటగదీ తప్పక తిరుగుతాడు. అందుకని డ్రమ్ముని నీళ్ళ సీసాతో సహా హాల్లోకి జరిపి, పైన దుప్పటి కప్పి, మీద దిండు వేసి, నన్ను కూర్చోబెట్టారు. నాకు ఒంట్లో బాగాలేదని, అందుకే లేవలేనని ముందే అనుకున్నాం. పక్కన టేప్‌రికార్డర్ గట్టిగా పెట్టాం.

షేక్ గారు వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్లగడ్డం, చేతిలో తస్బీ జపమాల. కుళాయిలు తిప్పి చూశాడు, గోడలు తట్టి చూశాడు, సంతోషించాడు. టీ తాగుతూ కూర్చున్నాడు. వచ్చీరాని ఉర్దూలో కబుర్లు మొదలుపెట్టాడు, మామూ వచ్చీరాని అరబ్బీలో జవాబులిచ్చాడు. ఇద్దరికీ ఎంత బాగా కుదిరిందంటే వెలుగు తగ్గడం ఎవరమూ గమనించలేదు. అప్పుడు మగ్రిబ్ అజాన్ వినబడింది. మామూ చెయ్యి ఆయన ప్రమేయం లేకుండానే వెళ్ళి టేపు ఆపేసింది.

గదంతా నిశ్శబ్దం. నా కిందనుంచి స్పష్టంగా, తీరిగ్గా, "బుడుక్."

షేక్ గారు నావైపు చూశాడు. నేను రెండు చేతులతో కడుపు పట్టుకున్నాను. ఇంకోసారి "బుడుక్." నేను కళ్ళు మూసుకుని మూలిగాను.

"మిస్కీన్," అన్నాడు షేక్ గారు, పాపం అని. నిజంగానే జాలిపడ్డాడు. "నమాజు చేసి వస్తాను, వీడి సంగతి చూద్దాం" అని మామూ భుజం మీద చెయ్యి వేసి మసీదుకి తీసుకుపోయాడు.

తలుపు పడగానే బావ నా కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"ఒరేయ్, లేరా బాబూ! ఆయన వచ్చేలోగా పారబోసేద్దాం. నీకు దణ్ణం పెడతాను."

"పారబొయ్యను."

"డిపోర్టు చేస్తార్రా! మీ అక్క హాస్టల్లోనే ముసలిదైపోద్ది!"

"బావా, ఈ దేశంలో నేను తొడుక్కున్న చొక్కా కూడా కంపెనీది. ఇదొక్కటి నాది. దీన్ని పారబొయ్యాలంటే ముందు నన్ను పారబొయ్యండి." (ఆ వయసులో ఇలాంటి డైలాగులు ఎవరూ రాసిపెట్టకుండానే వచ్చేవి.)

బావ గతిలేక అక్కకి ఫోన్ చేశాడు. "నీ తమ్ముడు డ్రమ్ము మీంచి లేవనంటున్నాడే!" అని మొత్తం చెప్పాడు. అవతల్నుంచి అక్క గొంతు నా దాకా వినబడింది.

"లేవద్దనండి. ఇప్పుడు పారబోస్తే వాసన మెట్లదాకా వస్తుంది, ముగ్గురూ దొరికిపోతారు. నేను నర్సుని, నాకు తెలీదా? కడుపునొప్పి అన్నాక శబ్దం ఉండాలి కూడాను. ఏరా, వింటున్నావా? బడి ఎగ్గొట్టినప్పుడు ఒక మొహం పెట్టేవాడివి చూడు, అది పెట్టు. నవ్వావో, చంపేస్తాను."

ఆ మొహమే పెట్టుకుని కూర్చున్నాను.

షేక్ గారు నమాజు నుంచి ఒక పొట్లంతో వచ్చాడు. యాన్‌సూన్, అంటే మన సోంపు లాంటి గింజలు. దారిలో కొట్లో కొన్నాడట. స్వయంగా వంటగదిలోకి వెళ్ళి మరిగించి, పొగలు కక్కే గ్లాసు నా చేతిలో పెట్టి, తాగేదాకా ఎదురుగా నిలబడ్డాడు. డ్రమ్మెడు బీరు మీద కూర్చుని గ్లాసెడు కషాయం తాగిన మనిషి ఆ రాజ్యంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆఖరి గుక్క మింగానో లేదో, కింద కవ్వాలీ అందుకుంది. "బుడుక్, బుడుక్, బుడుక్!"

"షుఫ్! చూశావా?" అని షేక్ గారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "మందు పని చేస్తోంది!"

ఆ సంతోషంలోనే అద్దె కాగితం తీసి, తొడ మీద పెట్టుకుని సంతకం చేసేశాడు.

ఆయన వెళ్ళాక మామూని నిలదీశాం, దారిలో ఏమన్నా అడిగాడా అని. "అడిగిండు. ఏం తింటడు గీ పోరడు అన్నడు. తినుడు కాదు సాబ్, పాటలు వినుకుంట ఏది పడితే అది తాగుతడు అన్న. మసీదుకు పోతా అబద్ధం ఆడతానా?" అన్నాడు.

అక్క కొత్త ఫ్లాటులో దిగిన రోజు కవ్వాలీ సీసాలు విప్పాం. సబ్బునీళ్ళలో ఖర్జూరం నానబెట్టిన రుచి. అంతకంటే మెచ్చుకోలేను. మామూ వాసన చూసి, "ఇప్పుడు కుదిరింది తమ్మీ" అన్నాడు. అక్క ఒక్క గుక్క తాగి, "దీనికోసమా నా కాపురం పణం పెట్టావు?" అంది. గ్లాసు మాత్రం కింద పెట్టలేదు. ఆ తర్వాత నేను ఆ దేశం వదిలేదాకా షేక్ గారు ఎక్కడ కనబడినా కడుపు ఎలా ఉందని అడిగేవాడు, నేను కడుపు నిమురుకుని చూపించేవాణ్ణి.

ఇప్పుడు కాకినాడలో ఉన్నాను. బీరు సందుచివర దొరుకుతుంది, అడిగేవాడు లేడు, అంచేత రుచీ లేదు. పైగా డాక్టరు వద్దన్నాడు. సాయంత్రాలు వరండాలో మామూ ఇచ్చిన కవ్వాలీలు పెట్టుకుని సోంపు కషాయం తాగుతుంటాను. పక్కవీధి మసీదులో అజాన్ వినబడగానే చెయ్యి దానంతటదే పాట ఆపేస్తుంది. ఆ నిశ్శబ్దంలో "బుడుక్" అని వినబడుతుంది. దుప్పటి ఎత్తి చూడక్కర్లేదు, కింద ఉన్నది ఉత్త పడక్కుర్చీ. ఆనాడు షేక్ గారు వైద్యం చేసిన కడుపే అది. నా అబద్ధాన్ని నిజం చెయ్యడానికి దానికి ఇన్నేళ్ళు పట్టింది.

అయినా లేవను. ఆ మొహమే పెట్టుకుని, అజాన్ ముగిసి పాట మళ్ళీ పెట్టుకునేదాకా అలాగే కూర్చుంటాను.