ముగ్గు మీద టైరు

నిన్న వీడియో కాల్‌లో నువ్వే అడిగావు పెద్దదానా, "అమ్మమ్మా, నీ కారు అద్దానికి ఆ నల్ల డబ్బా ఏంటి, దిష్టికా?" అని. దిష్టికి కాదు తల్లీ, అది కెమెరా. దారిలో జరిగేదంతా చూసి దాచుకుంటుంది. ఇంకా చెప్పబోతుంటే తమ్ముడు ఫోను లాక్కున్నాడు, ఆ తర్వాత సిగ్నలే పోయింది. పూణేలో నీకు లెర్నింగ్ లైసెన్సు వచ్చిందన్నావు కాబట్టి ఆ డబ్బా కథ తీరిగ్గా రాస్తున్నాను. ఇద్దరూ చదవండి. బండికి బండి తగిలితే ముందు ఫోటో తీయండి, తర్వాత జాలిపడండి. నేను ఆ వరస తిరగేసి, రెండు రోజులు నానా తిప్పలూ పడ్డాను.

నాకు కారు నేర్పింది మీ తాతయ్య. అప్పుడు మేం యూనివర్సిటీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. ఆదివారం పొద్దున్నే క్యాంపస్ రోడ్ల మీద మనుషులు తక్కువ, నెమళ్ళు ఎక్కువ. వేపపూలు రాలిన రోడ్డు మీద టైరు పోతుంటే మెత్తగా ఒక చప్పుడు వచ్చేది. ఆయన పక్కన కూర్చుని కాళ్ళతో లేని బ్రేకులు నొక్కుతూ, "ఎదుటివాడి తప్పు కూడా నీదే అనుకుని నడుపు" అనేవారు. డ్రైవింగుకి ఇంతకంటే మంచి సూత్రం లేదు. కానీ బండి ఆపి దిగాక ఆ సూత్రాన్ని కార్లోనే వదిలేసి దిగాలని ఆయన చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు కొంత శ్రమ తప్పేది.

లైబ్రరీ కౌంటర్‌లో ఉద్యోగం అయిపోయి, క్వార్టర్స్ వదిలి తార్నాకలో ఈ ఫ్లాటుకి వచ్చాక కూడా నా పొద్దున్న నడక క్యాంపస్‌లోనే. తాతయ్య పోయినా ఆ అలవాటు పోలేదు. ఆయన కార్లో వెళ్ళడం, చెట్ల కింద రెండు చుట్లు తిరగడం, అక్కడి కూరగాయల బండి దగ్గర తోటకూర కొనుక్కుని రావడం. మోకాలు బాగాలేని దానికి బస్సు మెట్లకంటే కారే సుఖం. ఈ సుఖం మీద మీ అమ్మకి మొదటినుంచీ కళ్ళెర్ర. అది గుర్తుంచుకోండి, కథలో మళ్ళీ వస్తుంది.

అది శ్రావణ శుక్రవారం. మెయిన్ రోడ్డు మీద రద్దీగా ఉందని సందులోంచి వెళ్తున్నాను. సందులో మూడో ఇంటావిడ వాకిట్లో ముగ్గు వేస్తోంది. ఆ వీధికి నల్లా నీళ్ళు వచ్చేసరికే ఎనిమిది దాటుతుంది, నీళ్ళు పట్టుకున్నాక గానీ ఆవిడ వాకిలి తడపదు. శుక్రవారం కదా, ముగ్గు గేటు దాటి సగం రోడ్డు దాకా వచ్చింది. పెద్ద తామరపువ్వు, చుట్టూ దీపాలు. ఆవిడ నన్ను చూసి చెయ్యెత్తింది. "జర ఆగుండ్రి మేడం, రెండు రేకులే ఉన్నయి!" అంది. నేను ఆగాను. ముగ్గు తొక్కుకుంటూ పోవడం మన ఇంటా వంటా లేదు. ముగ్గుకి జానెడు దూరంలో బండి ఆపి, ఆవిడ వేళ్ళలోంచి పిండి సన్నటి దారంలా జారడం చూస్తూ కూర్చున్నాను.

వెనకనించి ధడేల్మని తగిలింది. కళ్ళజోడు ఒళ్ళో పడింది. కారు ముందుకు జరిగి తామరపువ్వు మధ్యలో నిలబడింది. మూడో ఇంటావిడ పిండి గిన్నెతో సహా లేచి, "అయ్యో అయ్యో, నా ముగ్గు! అరగంటసేపు కూసోని ఏసిన!" అని గుండెలు బాదుకుంది. కాసేపాగి, "దెబ్బ తాకిందా మేడం?" అని కూడా అడిగింది. వరస ముఖ్యం కాదు, అడిగింది.

వెనక తెల్ల కారులోంచి ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి, చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకునే తీరిక కూడా లేనట్టున్నాడు. "సారీ ఆంటీ, సారీ! చూస్కోలె. బిడ్డకు ఎంట్రన్స్ ఉన్నది, తొమ్మిదింటికి గేటు బంద్ చేస్తరు. దింపి పది నిమిషాలల్ల వస్త, మీ మీద ఒట్టు!" అన్నాడు. ముందు సీట్లో ఒక అమ్మాయి. ఒళ్ళో హాల్ టికెట్, చేతిలో లేబుల్ పీకేసిన నీళ్ళ సీసా. పెదాలు కదులుతున్నాయి, దేవుడి శ్లోకమో పరీక్షలో సూత్రమో. నన్ను చూసి ఒక్కసారి కదలడం ఆపాయి. ఆ మొహం చూశాక నేనేమంటాను? "ముందు పిల్లని దించిరా నాయనా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. కారు నంబరు రాసుకోలేదు. ఫోటో తీయలేదు. పైగా, "కంగారు పడకమ్మా, బాగా రాయి" అని చెయ్యి కూడా ఊపాను. అతను వెనక్కి తీసి పక్క సందులోంచి వెళ్ళిపోయాడు.

ఇక్కడితో ఆపినా బాగుండేది. మూడో ఇంటావిడ తన మెట్లెక్కి, పాడైన ముగ్గుని ఫోన్లో ఫోటో తీసుకుని, లోపలికి వెళ్ళి నాకు చాయ్ తెచ్చింది. నేను చాయ్ తాగుతుంటే ముగ్గుకేసి చూసి నిట్టూర్చింది, చెదిరిన ముగ్గు శుక్రవారం పూట అట్లా ఉండకూడదంది. నిజమే కదా. పాపం ఆవిడ మళ్ళీ పిండి గిన్నె పట్టుకుంటే, నేను కారెక్కి మెల్లిగా వెనక్కి తీశాను. అప్పుడే అతను తిరిగొచ్చి సరిగ్గా నా వెనకాలే తెల్ల కారు ఆపాడు. నేను అద్దంలో చూసి జానెడు దూరంలో ఆగాను. నేను రివర్సు గేరు వేసే క్షణంలోనే ఎదురుగా జిరాక్స్ షాపాయన షట్టరు ఎత్తి, మెయిన్ స్విచ్ వేశాడు. ఆ స్విచ్‌తోనే షాపు కెమెరా కూడా పనిచేయడం మొదలుపెడుతుందట, అంటే అంతకుముందు అతను గుద్దింది అందులో పడలేదు. ఇవన్నీ ఒకే నిమిషంలో జరిగాయి. ఆవిడేమో నీళ్ళు చల్లి, చీపురుతో తామరపువ్వుని తుడిచేసింది. అంటే నన్ను కాపాడే సాక్ష్యాన్ని ఆవిడ చీపురుతోనూ, నేను రివర్సు గేరుతోనూ, ఇద్దరం కలిసి శుభ్రంగా తుడిచేశామన్నమాట.

అతను దిగేసరికి ఫోనులో ఉన్నాడు. "లేదు బావా, నీ కారుకేం కాలే... కొంచెమే... నా తప్పు కాదు బావా..." అంటున్నాడు. కారు వాళ్ళ బావదని అప్పుడు తెలిసింది. ఫోను జేబులో పెట్టి, నొక్కుకుపోయిన తన బంపర్ చూశాడు, నా కారు చూశాడు, తల పైకెత్తి అప్పుడే తెరిచిన జిరాక్స్ షాపు కెమెరా చూశాడు. మనిషి నా కళ్ళ ముందే ఇంకో మనిషైపోయాడు.

"ఏం ఆంటీ, ఎనక చూస్కోకుండ రివర్స్ తీస్తరా? బంపర్ చూడుండ్రి ఎట్లైందో!"

"అదేంటి నాయనా, ఇందాక నువ్వే కదా సారీ చెప్పావు?"

"పెద్దమనిషని మర్యాదకు అన్న. మర్యాదకు అన్నదాన్ని పట్టుకుంటరా?"

నా గొంతు మీకు తెలుసు కదా, పక్కగదిలోకి వినపడదు. నేను ఇంకో మాట అనేలోపు అతను పక్కింటివాళ్ళకి, పాలవాడికి, కుక్కని తిప్పుతున్నాయనకి, నలుగురికీ ఈ ముసలామే గుద్దిందని చెప్పేశాడు. "ఏజ్ అయినంక బండి నడపొద్దు" అని ఆ కుక్కాయన నాకు సలహా కూడా ఇచ్చాడు. ఆ కుక్కాయన నన్ను చూసింది రివర్సు తీసిన ఆ ఒక్క నిమిషమే.

మధ్యాహ్నానికి స్టేషన్ నుంచి పిలుపు. అతను కంప్లైంటూ, షాపు వీడియో రెండూ ఇచ్చేశాడు. వీడియోలో నా కారు వెనక్కి వస్తోంది, వెనక తెల్ల కారు ఉంది, ఆ కోణంలో రెండూ తగిలినట్టే కనిపిస్తున్నాయి. మూడుసార్లు చూసేసరికి నాకే అనుమానం వచ్చింది, కొంపదీసి నేనే గుద్దానా అని. ఎస్సైగారు మర్యాదస్తుడే. "అమ్మా, పెద్దోళ్ళు, మీకెందుకు కేసులు? పొరపాటున ఎనకకు తీసి గుద్దిన అని ఒక్క సంతకం పెట్టుండ్రి. రాజీ అయిపోతది, ఇద్దరు ఇంటికి పోతరు" అన్నారు. వచ్చే నెలలో నా లైసెన్సు రెన్యువల్. ఈ కాగితం ఒకటి నా పేరున ఉంటే, అక్కడి సంగతెలా ఉన్నా ముందు మీ అమ్మే తాళాలు తీసుకుంటుంది. ఫోను చేస్తే అనుకున్నంత పనీ చేసింది. "సంతకం పెట్టేసెయ్ అమ్మా, ఈ వయసులో నీకు స్టేషన్లేంటి? ఇంక ఆ కారు తీసేద్దాం" అంది. అవతల ఎస్సైగారూ సంతకం పెట్టమంటారు, ఇవతల నా కూతురూ పెట్టమంటుంది. ఒక్కరు కూడా, నువ్వు గుద్దావా లేదా అని అడగరే!

పిల్లలూ, లైబ్రరీలో అన్నేళ్ళు కూర్చున్నదాన్ని, నా చేతికి తిరిగిరాని పుస్తకం వచ్చిందని ఏనాడూ సంతకం పెట్టలేదు. చేయని తప్పుకి ఎలా పెడతాను? ఎస్సైగారిని ఒక తెల్లకాగితం అడిగాను. ముగ్గుతో సహా జరిగిందంతా వరసగా రాశాను. "ఇది తీసుకున్నట్టు నా కాపీ మీద ముద్ర వేసివ్వండి" అన్నాను. ఆయన చదివి, "ముగ్గు సంగతి ఎందుకమ్మా ఇందుల?" అన్నారు. అదే సంగతండీ అన్నాను. ముద్ర పడింది, రేపటిదాకా గడువు దొరికింది.

అక్కణ్ణించి తిన్నగా మూడో ఇంటికి. ఆవిడ భర్త గుమ్మంలోనే, "మాకెందుకమ్మా పోలీసోళ్ళ లొల్లి? మేం ఏం చూడలె" అన్నాడు. ఆవిడ లోపలినుంచి, "నువ్వు చూడలె. నువ్వు పండుకున్నవ్. నేను చూసిన!" అంటూ ఫోను పట్టుకుని బయటికొచ్చింది. వాళ్ళకి ముగ్గుల గ్రూపు ఒకటుందట. అంబర్‌పేట నుంచి మల్కాజ్‌గిరి దాకా ఆడవాళ్ళందరూ పొద్దున్నే ఎవరి ముగ్గు వాళ్ళు ఫోటో తీసి పెడతారు. శుక్రవారం పోటీ. ఆ పొద్దున్న ఆవిడ పెట్టిన ఫోటో చూపించింది. ముగ్గు మొత్తం రావాలని మెట్లెక్కి తీసింది కాబట్టి నా కారు మొత్తం వచ్చింది. ముందు టైరు తామరపువ్వు మీద, వెనక నొక్కుకుపోయిన డిక్కీ. వెనకాల సందు ఖాళీ, తెల్ల కారు లేదు. కింద ఆవిడ రాసింది: "ఎనక కారాయన గుద్దితే మేడం కారు నా ముగ్గు మీదికొచ్చింది. నా కష్టమంత మట్టిల కల్సింది." దాని కింద వరసగా ఓదార్పులు. ఎవరైనా పోయినా అంతమంది ఓదార్చరు. ఫోటో టైము షాపు వీడియో టైముకంటే పావుగంట ముందు.

మర్నాడు ఆవిడ పట్టుచీర కట్టుకుని మరీ స్టేషన్‌కి వచ్చింది. ఎస్సైగారు ఫోటోని అటు తిప్పి ఇటు తిప్పి, "అయితే ఏమైంది? ఈమెనే ముగ్గు మీద ఆపి ఉండొచ్చు గద" అన్నారు. పక్క బల్ల దగ్గర కాగితాలు కుడుతున్న మహిళా కానిస్టేబుల్ తలెత్తింది. "సార్, శుక్రారం ముగ్గు మీద, ఏసినామె ముంగట, ఏ ఆడమనిషన్న బండి ఆపుతదా సార్? ఎనకనించి గుద్దితెనే అట్ల జరుగుతది. ఇంకోటి, రివర్స్‌ల గుద్దుతె ఈ ఫోటోల డిక్కీ ముందుగాల్నే ఎట్ల ఒంగింది?" ఎస్సైగారు ఫోటో చూశారు, వీడియో చూశారు, అతన్ని చూశారు. "ఏందయ్యా?" అన్నారు, అంతే.

అతను గోడమీది క్యాలెండర్ చూశాడు. తర్వాత నన్ను చూసి, "ఛోడో ఆంటీ. పెద్దోళ్ళు. కంప్లైంట్ వాపస్ తీస్కుంట" అన్నాడు. ఒక్క రోజంతా నేను ముసలామెని, మళ్ళీ ఆంటీనయ్యాను. ఏదో నా మీద దయతో వదిలేసినట్టు! బయటికొచ్చాక మూడో ఇంటావిడ, "నా ముగ్గుకు సారీ ఎవరు చెప్తరు?" అని అతని వెనకాల కేకేసింది. ఎవరూ చెప్పలేదు.

నా లైసెన్సు రెన్యువల్ అయి వచ్చింది. ఆ నల్ల డబ్బా కెమెరా మీ అమ్మ పంపింది, తాళాలు అడగలేనందుకు బదులుగా కాబోలు. ఆ సందులో ఇప్పటికీ ముగ్గు దగ్గర ఆగుతాను, ఆగి ముందు అద్దంలో వెనక్కి చూస్తాను. కోపం మాత్రం ఎప్పుడో కరిగింది. అబద్ధం ఆడింది అతను కాదు, వాళ్ళ బావ భయం అనుకుంటాను. మిగిలింది ఒక్కటే. ఆ రోజు స్టేషన్ మెట్ల మీద అతన్ని ఆపి ఒక మాట అడిగాను. నా గొంతు సంగతి చెప్పానుగా, వినపడలేదో, వినపడీ మొహం చెల్లలేదో, వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయాడు. ఇప్పుడు పరీక్షల రోజుల్లో క్యాంపస్ గేటు దగ్గర లేబుల్ లేని నీళ్ళ సీసాలతో పిల్లలు పరుగెడుతుంటే కారు పక్కకి తీసి చూస్తుంటాను, ఆ మొహం ఏదన్నా కనిపిస్తుందేమోనని. కాలం ఎవరి తప్పునైనా చిన్నది చేస్తుంది కానీ, పోయిన పది నిమిషాలని ఎవరికీ తిరిగివ్వదు. ఆ పిల్ల ఆ రోజు గేటు మూసేలోపు లోపలికి వెళ్ళగలిగిందా?