మిషను అబద్ధం చెప్పదని చెప్పినవాణ్ణి

తోటలో చెవికమ్మ లేదని నలుగురి ముందు చెప్పాను. నిజానికి ఉందో లేదో నాకు తెలియదని ఆ తర్వాత గంటలోపే తెలుసుకున్నాను. ఈ రెండో మాట ఎవరికీ చెప్పలేదు. అందువల్ల ఒక ఆడమనిషి దొంగ అయింది.

నలభై ఏళ్ళకు దగ్గరపడుతోంది. ఇన్నాళ్ళూ మోశాను. నా పేరు రాయను. ఆమె పేరు కూడా మార్చి పాపమ్మ అంటాను.

బంగారు గనులు సర్కారు చేతికి వచ్చాక చాంపియన్ రీఫ్స్ గని వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరినవాణ్ణి. బడి నాలుగో తరగతితో సరి. భూమిలో పూడిపోయిన పైపులు, కేబుళ్ళు వెతకడానికి ఒక మెటల్ డిటెక్టర్ తెప్పించారు. డిగ్రీలున్న వాళ్ళు రెండు రోజులు తిప్పిచూసి మూలన పడేశారు. నేను దాని ఇంగ్లీషు పుస్తకం పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ మూడు నెలలు చదివి, దాన్ని పలికించాను. ఆ గర్వం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. దాచడం ఎందుకు?

అయితే నేను నేర్చుకున్నదంతా సైనైడ్ దిబ్బల మీదే. బంగారం తీసేశాక పారబోసిన పిండిలాంటి మట్టి అది. సెన్సిటివిటీ నాబు చివరిదాకా తిప్పినా అక్కడ మిషను గమ్మున ఉంటుంది, చిన్న మేకు తగిలితేనే కూస్తుంది. నేలంటే అంతా ఇలాగే ఉంటుందనుకున్నాను. గనివాడు కాక ఇంకెవడు అలా అనుకుంటాడు?

మా అక్కను గౌనిపల్లిలో ఇచ్చారు. పాపమ్మ ఆమె తోడికోడలు. పాపమ్మ ఒక పెళ్ళికి అత్తవి బంగారు కమ్మలు అడిగి పెట్టుకుని వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే పట్టుపురుగుల మేతకని, కమ్మలు తీయకుండానే మల్బరీ ఆకు కోయడానికి పోయింది. ఇంటికొచ్చేసరికి ఒక చెవి బోడి. పుట్టింటికి చేర్చిందని అత్త అంది. తోటలోనే రాలిందని పాపమ్మ అంది. తేల్చడానికి నన్ను పిలిపించారు. ఫోర్‌మన్‌ను అడిగి, ఆదివారం మిషను తీసుకుని బస్సెక్కాను.

ఆ తోటది ఎర్రమట్టి. నిండా ఇనుము కలిసిన గులకరాళ్ళు. మిషను కింద పెట్టగానే కేకలు మొదలుపెట్టింది. ఎక్కడ పెట్టినా కేకే.

"ఏమప్పా, మీ మిషను మా దున్నపోతు మాదిరి అరస్తా ఉండాది? దానికీ ఇంత గడ్డి వేయమంటావా?" అన్నాడు బావ. గట్టు మీద జనమంతా నవ్వారు.

నేలను బట్టి సరిచేయడానికి వేరే నాబు ఉంది. మిషను చివరి పళ్ళేన్ని నేల మీది నుంచి పైకెత్తి, దించి, రెండుచోట్లా ఒకే మోత వచ్చేదాకా దాన్ని ఓపిగ్గా తిప్పాలి. ఆ పేజీ చదివాను గాని దిబ్బల మీద దాని అవసరం రాలేదు, చేతికి రాలేదు. జనం నవ్వుతుంటే అక్కడ నిలబడి నేర్చుకోవాలా? నాకు తెలియదని ఒప్పుకోవాలా? సెన్సిటివిటీ తగ్గించేశాను. అరుపు ఆగేదాకా తగ్గించాను. నిశ్శబ్దంగా ఉన్న మిషనుతో తోటంతా తిరిగి, లేదన్నాను.

అందరూ ఇంటిదారి పట్టారు. నాకు మనసొప్పలేదు. నా ఉంగరం తీసి రెండు వేళ్ళ లోతున మట్టి కప్పి, పైన పళ్ళెం ఆడించాను. పలకలేదు. నా ఉంగరాన్నే పట్టని మిషను ఆమె కమ్మనేం పడుతుంది! ఉంగరం తుడిచి వేలికి పెట్టుకున్నాను. లోపలికి వెళ్ళి భోజనానికి కూర్చున్నాను.

రాగిముద్ద వడ్డించింది పాపమ్మే.

"అన్నా, అది ఒగో సారన్నా తప్పు చెప్తుందా?" అని మెల్లగా అడిగింది.

"మిషను అబద్ధం చెప్పదమ్మా" అన్నాను.

పులుసు పోసి పోయింది.

ఆ మాట నాకెలా వచ్చింది? మిషనుకు నిజమేమిటి, అబద్ధమేమిటి? తిప్పినవాడి చెయ్యి మాట్లాడుతుంది. ఊరికీ బుద్ధి లేదు. పదేళ్ళు తమతో కలిసి బతికిన మనిషి మాటకన్నా ఒక డబ్బా మౌనం ఎక్కువైంది వాళ్ళకు. అయినా ఊరిని ఏమని తిట్టను, ఆ డబ్బా పట్టుకొచ్చినవాణ్ణి నేను.

నెల తిరక్కుండా ఆ రెండో నాబు కూడా నేర్చుకున్నాను. ఎర్రమట్టి, చెరువు నల్లమట్టి, వాన కురిసిన నేల, దేనికది సరిచేసి, తెలిసిన ముక్క ఒకటి పాతి పరీక్షించాకే వెతికేవాణ్ణి. అందరూ మెచ్చుకున్నారు. తిరిగి గౌనిపల్లికి మాత్రం పోలేదు. మొదట పేరు పోతుందని. తర్వాత తోట దున్నేశారని. ఆ తర్వాత అత్త చనిపోయిందని. సాకులకేం కరువు?

పాపమ్మా ఆమె మొగుడూ వేరుపడి తమక అనే ఊరికి వెళ్ళిపోయారు, పాలు పోసుకుని బతికారు. పోయిన ఏడాది అక్క మనవరాలి పెళ్ళిలో ఆమెను చూశాను, తల తెల్లబడింది. ఆమె గదిలోకి రాగానే పెళ్ళికూతురి చెల్లెలు నగలపెట్టె మూత వేసింది. ఆనాటికి ఆ పిల్ల తల్లికే ఊహ తెలియదు. మరి ఆ పిల్లకు ఎవరు చెప్పారు? నేనే.

పాపమ్మ ఏమీ చూడనట్టు పూలు తీసుకుని వెళ్ళింది.

ఇంటికి వచ్చి ఉత్తరం రాశాను. ఉంగరం సంగతి, నాబు సంగతి, అన్నీ. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. పోస్టులో వేసిన రోజు మాత్రం చాలా ఏళ్ళ తర్వాత కడుపునిండా తిన్నాను. పది రోజులకు జవాబు వచ్చింది.

"అన్నా, నీ జాబు రెండుసార్లు చదివించుకున్నాను. నేను తీయలేదని నాకు నువ్వు రాసేదేముంది, అది నాకు ఆ పొద్దే తెలుసు. తెలియంది గౌనిపల్లిలో వాళ్ళకు. వాళ్ళకు చెప్పు. ఆదివారం తొమ్మిది గంటల బస్సుకు రా. నేనూ వస్తా. నువ్వు చెప్పేటప్పుడు నీ పక్కన నిలబడుకోను, ఎదురుగా కూర్చోని వింటా."