వెర్నా గీసిన గీత

ముందు ఆకురాయి చప్పుడు వినిపించేది. వాగు ఇవతల, మా పెరట్లో నిలబడితే చాలు. మేపుల్ చెక్క మీద రెండు పొడుగాటి రాపిడులు, కాస్త మౌనం; మళ్ళీ రెండు, మళ్ళీ మౌనం. ఆ మౌనంలో ఒక మనిషి బొటనవేలితో చెక్కను తడిమి చూస్తున్నాడని నాకు చాలా ఏళ్ళదాకా తెలియదు. ఓలీ లోయలో మంచు కరిగే రోజుల్లో ఆ చప్పుడు నీళ్ళ మీదుగా వచ్చేది, పక్క గదిలో ఎవరో నిద్రపోతూ ఊపిరి పీలుస్తున్నట్టు.

ఎల్వుడ్ ష్టౌట్‌ను నేను మొదటిసారి చూసింది అచ్చుపలక కోసం వెళ్ళినప్పుడు. పాతకాలపు పొడుగు తుపాకులను మళ్ళీ చేతులతో చేసుకోవాలన్న పిచ్చి మా వైపు చాలామందికి ఉంది. గొట్టం కొనుక్కోవచ్చు, చెకుముకి యంత్రం కొనుక్కోవచ్చు. వాటిని బిగించే చెక్క కర్ర మాత్రం ఎవరికి వారు చెక్కుకోవాల్సిందే. దాని వంపు తెలియాలంటే ఏ ముత్తాతల నాటి తుపాకీ మీదనుంచో గీత తీసి కోసిన పలక కావాలి. అలాంటివి ఎల్వుడ్ కొట్టం గోడకు నలభై దాకా వేలాడేవి. తలుపు తీస్తే గాలికి ఒకదానికొకటి తగిలి మెల్లగా టకటకలాడేవి.

కనుబొమల నిండా చెక్కపొడితో, కొంచెం వంగిన పొడుగాటి మనిషి. ఏం కావాలని అడగలేదు. నా మెడ వైపు చూశాడు.

“నీ మెడ పొట్టి. నీకు షాలర్ నప్పదు,” అన్నాడు. “అయినా దానికోసమే వచ్చుంటావు. అందరూ దానికోసమే వస్తారు.”

నిజమే. ఆడం షాలర్ రెండు వందల ఏళ్ళ కిందట మా లోయలోనే తుపాకులు చేసినవాడు. అతని చేతివాటిలో ఒకే ఒక్కటి మిగిలింది, హాస్ కుటుంబం ఇంట్లో. భుజానికి ఆనించే చివర మరే పాత తుపాకీలోనూ లేనంత కిందికి వాలి ఉంటుంది. ఎందుకలా చేశాడని మేం చలికాలాలు చలికాలాలు వాదించుకున్నాం. ఇక్కడికి వలస వచ్చిన పొడుగు మెడల జర్మనీ రైతుల కోసమని ఒకరు, గుర్రం మీద మోయడానికని ఒకరు. ఎల్వుడ్ చిన్ననాటి నేస్తం లెస్టర్ మోయర్ మాత్రం ఒకటే మాట: “అది తుపాకీ కాదయ్యా, పెళ్ళాం చేత తిట్లు తిన్న బాతు. తల ఎలా వేలాడేసుకుందో చూడు.” అయినా ఆ వాలులో ఏదో ఉండేది. సాయంత్రం పొలం గట్టు చీకట్లోకి జారినట్టు ఉండేది. నేనే అలాంటివి ఐదు చెక్కాను.

ఎల్వుడ్ షాలర్ పలకకు ఆధారమైన గీత అతని భార్య వెర్నాది. హాస్ ఒకే ఒక్క మధ్యాహ్నం తుపాకీని తన వంటింటి బల్ల మీద పెట్టనిచ్చాడు. పరాయి ఇంట్లో పరాయి తుపాకీ మరలు విప్పడం మా వైపు పద్ధతి కాదు. విప్పుతానని ఎల్వుడ్ అడగనూ లేదు. మాంసం పొట్లాలు కట్టే గోధుమరంగు కాగితం పరిచి, తుపాకీని పక్కకు పడుకోబెట్టి, కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు గీయలేడు కాబట్టి ఈ పనికి ఎప్పుడూ ఇద్దరుండాలి. పెన్సిల్ నిటారుగా నిలబెట్టి, కర్ర అంచు వెంబడే వెర్నా బల్ల చుట్టూ నడిచింది. వాళ్ళ పెళ్ళయి అప్పటికి మూడేళ్ళు. ఆ పై మార్చిలో జ్వరం వచ్చి ఆమె పోయింది. ఎల్వుడ్ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

పలక కోసం వచ్చిన ప్రతివాడికీ ఆ మధ్యాహ్నం సంగతి చెప్పేవాడు. తుపాకీ కర్ర సన్నబడి పిడికిట్లో ఇమిడే చోటును మేం మణికట్టు అంటాం. అక్కడికి రాగానే పెన్సిల్ తడబడిందట. ఏదో తగులుతోంది ఎల్వుడ్ అందట ఆమె. తగిలేది నీ మధ్యాహ్నం నిద్ర, ఆగకుండా నడువు అన్నాడట ఇతను. మర్నాడు పలక కోసేటప్పుడు గీతలోని ఆ చిన్న ఎగుడును తనే నున్నగా అరగదీశాడట. నవ్వించడం చేతకాని మనిషికి తెలిసిన ఒకే ఒక్క నవ్వు కథ అది. ఎంత పాకిందంటే, మా వైపు ఎవరి ఉలి జారినా, ఎవరి రంపం పక్కకు పోయినా, “వెర్నా చెయ్యి పడింది” అనడం మామూలైపోయింది. ఆమె ముఖం ఎరగని కుర్రాళ్ళు కూడా అనేవారు.

ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత హాస్ పోయాడు. అక్టోబరులో ఇంటి సామాను వేలం వేశారు. అప్పటికి ఎల్వుడ్ కళ్ళు మసకబారాయి. నా ట్రక్కులో తీసుకెళ్ళాను. ఆకుల మీద తడి, పళ్ళెంలో వేడి వేడి పంది మాంసం, పుల్లటి క్యాబేజీ. తుపాకీని అతని చేతుల్లో పెట్టారు. కళ్ళు మూసుకుని, కొత్తగా పరిచయం చేసుకుంటున్నట్టు బొటనవేలితో మెల్లగా తడిమాడు. మణికట్టు మీద వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి, మళ్ళీ అక్కడే ఆగింది. తుపాకీ ఇచ్చేసి ట్రక్కులోకి వెళ్ళి కూర్చున్నాడు. పళ్ళెం ముట్టుకోలేదు.

వేలంలో దాన్ని కొన్నది లెస్టరే. ఆ వారమే తెచ్చి ఎల్వుడ్ బల్ల మీద పెట్టాడు. ఇప్పుడది సొంత తుపాకీ కాబట్టి మరలు తనే విప్పాడు. ట్రిగ్గర్ మీట కింది ఇత్తడి పట్టీ ఊడివచ్చింది. దాని కింద చెక్కకు అడ్డంగా పాత విరుపు, దాన్ని పట్టి ఉంచిన రెండు చేతిమేకులు. ఎప్పుడో ఎవరో కింద పడేసి, విరిగినచోట రాలిన పేళ్ళు పోగా మిగిలినది జిగురుతో అతికి, రంగు పూసి దాచేశారు. ఆ అతుకులో వెనక భాగం బొటనవేలి వెడల్పున కిందికి కుంగిపోయింది. షాలర్ అలా చెయ్యలేదు. మేమంతా ఇన్నేళ్ళూ చెక్కుకుంటూ వచ్చింది ఒక విరుపును.

లెస్టర్ బాతు సంగతి ఎత్తలేదు.

ఎల్వుడ్ సొరుగులోంచి గోధుమరంగు కాగితం తీశాడు. భూతద్దం కింద పెట్టినా కనిపించక, గోటితో వెతికాడు. మణికట్టు పైన, సరిగ్గా అతుకు ఉబ్బిన చోట, గీతలో నువ్వుగింజంత ఎగుడు. పెన్సిల్ అదిమిన గాడి ఇంకా ఉంది.

“తగిలిందని చెప్పింది,” అన్నాడు. “నాకు చెప్పింది. నేనే అరగదీశాను.”

పాత పలకను ఆ రోజే పొయ్యిలో పెట్టాడు. విరిగిన కోణం సరిచేసి కొత్త గీత తీయడం పెద్ద పని కాదు. రెండు రోజుల్లో అయింది. దాన్ని చూసి అతను సంతోషించలేదు. అతనికి కావలసింది షాలర్‌ను సరిచేయడం కాదు. ఆ కథ తనే అందరికీ పంచిపెట్టాడు. తను పోయేలోగా దాన్ని తనే వెనక్కి తెచ్చుకోవాలి. వెర్నా చెయ్యి తప్పలేదని వాళ్ళందరికీ తన నోటితో చెప్పాలి.

నవంబరులో ఊరి అగ్నిమాపక దళం హాల్లో తుపాకులు చెక్కే మా అందరి ఏటేటా కూడిక. నూట యాభై మంది. జీవితంలో ఎప్పుడూ నలుగురి ముందు నిలబడి మాట్లాడని మనిషి, కాగితం చుట్ట పట్టుకుని లేచాడు.

“వెర్నా చెయ్యి మణికట్టు దగ్గర ఆగింది,” అని మొదలుపెట్టాడు.

హాలంతా నవ్వింది. చెడ్డ నవ్వు కాదు, ఇష్టమైన నవ్వు. తెలిసిన కథ మొదలైందని. అతను ఆగాడు. కాదు, వినండి, ఏదో తగులుతోందని ఆమె అంది, అన్నాడు. వెనకనుంచి ఎవరో మధ్యాహ్నం నిద్ర అని అందించారు. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు, కొందరు బల్లలు చరిచారు. ఎల్వుడ్ కాసేపు అలాగే నిలబడ్డాడు. మసక కళ్ళకు మేం ఎలా కనిపించామో తెలియదు, వెలుతురులో ఊగే గడ్డిలా ఉండి ఉంటాం. కాగితం చుట్టుకుని కూర్చున్నాడు. లెస్టర్ తన కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. నేను లేచి చెప్పాల్సింది. లేవలేదు.

ఆ రాత్రి ట్రక్కులో, నీకు తీరిక ఉందా అని ఎల్వుడ్ అడిగాడు. ఉందన్నాను.

ఆ చలికాలమంతా ఇల్లిల్లూ తిరిగాం. అతని పలక మీద తుపాకీ చెక్కినవాళ్ళ ఇళ్ళకు, ఒక్కొక్క వంటింటికి. కాగితం విప్పేవాడు. ఇంటివాళ్ళ బొటనవేలు పట్టుకుని ఆ నువ్వుగింజ మీద పెట్టేవాడు. ఇది అతుకు, ఆమెకు తెలిసింది, నాకు తెలియలేదు, అనేవాడు. అంతే కథ. కొందరు తల దించుకున్నారు. ఒకావిడ ఆ వేలిని చాలాసేపు తీయలేదు. ఒక కుర్రాడు, తప్పైతే అయింది గానీ నాకా వాలే ఇష్టం, పాత పలక ఇంకొకటి ఉందా అని అడిగాడు. లేదని చెప్పి ఎల్వుడ్ టోపీ పెట్టుకున్నాడు.

ఫిబ్రవరికి పందొమ్మిది ఇళ్ళు అయ్యాయి. ఆ రోజు వెళ్ళిన ఇంటాయన అంతా శ్రద్ధగా విని, వేలు కూడా పెట్టి చూసి, మమ్మల్ని సాగనంపుతూ గుమ్మంలో నవ్వాడు. ఎందుకో ఆయనకే తెలియదనుకుంటాను. పొలాల మీద మంచు నీలంగా మారుతోంది. ఎల్వుడ్ వాకిట్లో ట్రక్కు ఆపి, చెయ్యి పట్టుకుని దించాను. మెట్టు ఎక్కి, తలుపు మీద చెయ్యి వేసి, నా వైపు కాక వాగు చప్పుడు వస్తున్న వైపు తిరిగాడు. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి అతని ప్రాణం పోయి ఉంది. కాబట్టి అప్పుడు నాతో అన్నవే ఆఖరు మాటలు.

“రేపు కుట్జ్‌టౌన్ వైపు పోదాం. అటువాళ్ళు అంత తొందరగా నవ్వరు.”