హాల్డెన్ సాబ్ సాగేదాకా

తొంభైల మొదట్లో మస్కట్ శివార్లలో, అల్ మవాలే దాటాక, ఒక ఇంగ్లీషు ఊరు ఉండేది. పేరు ఆష్‌కోట్. చుట్టూ ప్రహరీ, ఒకటే గేటు, ఒకటే వీధి, అటూ ఇటూ కలిపి ఇరవై దాకా ఇళ్లు. అందరూ ఇంగ్లండు వాళ్లే. పగలు మస్కట్‌లో కొలువులు చేసి సాయంత్రానికి ఊరు చేరేవాళ్లు. ఊరికి కమిటీ ఉండేది, నోటీసు బోర్డు ఉండేది, బీరు పోసే క్లబ్బు ఉండేది. వీధి మొదట్లో ఎర్ర పోస్టు డబ్బా ఉండేది. దానికి ఒమాన్ తపాలా శాఖతో ఏ సంబంధమూ లేదు. అందులో వేసిన ఉత్తరాలను శనివారం శనివారం తోటమాలి లచ్చన్న తీసి నాకిస్తే, నేను అసలు పోస్టాఫీసుకు పంపేవాణ్ణి. ఈ డబ్బా ఎందుకని ఎవరూ అడగలేదు. ఊరన్నాక డబ్బా ఉండాలి.

నేను అక్కడి మరమ్మతులు చూసే కంపెనీలో గుమాస్తాని. కాపురం మస్కట్ నగరంలోని దార్సైట్‌లో. క్లబ్బు అలమరాలోని నవలలు ఒక్కొక్కటే తెచ్చుకుని చదివేవాణ్ణి. ఆ నవలల్లో ఇంగ్లీషు ఊరికి ఒక చర్చి, ఒక తగాదా తప్పకుండా ఉండేవి. ఆష్‌కోట్‌లో చర్చి లేదు.

లచ్చన్నది మెట్‌పల్లి పక్కన పల్లె. భార్య యాదవ్వ అక్కడే ఉండేది. మొక్కలు, చెత్త, ఈతకొలను పంపు, అన్నీ అతని డ్యూటీలే. పంపు గదికి వెనక, ఒక మంచం ఒక పొయ్యి పట్టే రూమ్ అతనిది. ఇవి కాక గంట ఒకటి. పాత ఇంగ్లీషు ఊళ్లలో గంట కొడుతూ కబుర్లు చాటే మనిషి ఉండేవాడని, మనకూ ఒకడు ఉండాల్సిందేనని కమిటీ పెద్ద కల్నల్ ప్రౌట్ పట్టుబట్టి ఇంగ్లండు నుంచి ఇత్తడి గంట తెప్పించాడు. తీరా ఎండలో తిరగడానికి ఇంగ్లీషువాళ్లెవరూ ముందుకు రాలేదు. గంట లచ్చన్నకు వచ్చింది. అతని తాత, తండ్రి వాళ్ల ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసినవాళ్లేనని కమిటీకి తెలియదు. లచ్చన్న చెప్పలేదు.

నీళ్లు బందయినా, దోమల మందు కొట్టే బండి వచ్చినా, క్లబ్బులో చేపలు వేయిస్తున్నా లచ్చన్న గడప గడపకూ వెళ్లి గంట కొట్టి చెప్పేవాడు. "వాటర్ నో, సాబ్." అంతే. వాళ్లు తల ఊపి బకెట్లు నింపుకునేవాళ్లు. గంట మాట కాదన్నవాళ్లు లేరు.

ఒక చలికాలం మా కంపెనీ, మస్కట్‌కు రెండు వందల కిలోమీటర్ల దూరంలోని సహంలో తోటల పని పట్టింది. ఆష్‌కోట్ నుంచి ఒక మనిషిని అక్కడికి పంపాలన్నారు. ఎవరు లేకపోయినా గడుస్తుందో కమిటీయే చెప్పాలి. శనివారం సాయంత్రం మీటింగ్. లచ్చన్న అంతకు ముందు సహంలో చేసి వచ్చినవాడే. ఆ రోజుల గురించి ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. ఈ కబురు విన్న నాడు మాత్రం ఆఫీసు గుమ్మంలో నిలబడి, "సార్, ఏ పని జెప్పినా జేస్త. సహంకు మాత్రం తోలకుండ్రని వాళ్లకు జెప్పుండ్రి" అన్నాడు. నేను చెబుతానన్నాను.

మీటింగ్ మూడు రోజులుందనగా, బుధవారం రాత్రి, మొదటి ఇంటి హాల్డెన్ చనిపోయాడు. నీళ్ల ఇంజనీరుగా రిటైరైన పెద్దమనిషి. సాయంత్రాలు అతనూ లచ్చన్నా పంపు ముందు నిలబడి దాన్నే చూస్తుండేవాళ్లు. ఒకరి భాష ఒకరికి రాదు గనక వాళ్ల మధ్య ఎప్పుడూ అభిప్రాయభేదం రాలేదు. ఆ రాత్రే అంబులెన్సు వచ్చి శవాన్ని ఆస్పత్రికి తీసుకుపోయింది. ఆ దేశంలో గురు శుక్రవారాలు వారాంతపు సెలవు. ఇంగ్లండుకు పంపే కాగితాలు తేలేసరికి ఆదివారం అవుతుందన్నారు.

ఆ రెండు రోజులూ నేను దార్సైట్‌లో ఉన్నాను. శనివారం పొద్దున వచ్చేసరికి మా డ్రైవర్ నిసార్ అహ్మద్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. కడప మనిషి, నవ్వు ఆపుకోలేడు.

"ఏంది సార్, మీవోడు తెల్లోళ్లందరి చేత రోజా పట్టించినాడే. ఇఫ్తార్ ఎప్పుడో జెప్పమనండి, పాపం."

సంగతేమిటంటే, గురువారం తెల్లవారగానే లచ్చన్న గంట పట్టుకుని ప్రతి గడపకూ వెళ్లి, "హాల్డెన్ సాబ్ ఖలాస్. కిచెన్ నో ఫైర్. సాబ్ గో, దెన్ ఫైర్" అని చాటాడు. ఊరంతా పొయ్యిలు ఆర్పేసింది.

ఎవరూ ఎందుకని అడగలేదు. ఇది కల్నల్ ప్రౌట్ ఉత్తర్వు అని ఇళ్లవాళ్లు అనుకున్నారు. హాల్డెన్ భార్య కోరి ఉంటుందని ప్రౌట్ అనుకున్నాడు. ఒమాన్ దేశపు చట్టం కాబోలని హాల్డెన్ భార్య అనుకుంది. అడిగితే మర్యాదగా ఉండదని ముగ్గురూ ఊరుకున్నారు. రొట్టె, చీజ్, డబ్బా చేపలతో రోజులు నడిచాయి. శుక్రవారం పొద్దున తొమ్మిదో ఇంటాయన మాత్రం పంపు గది దాకా వచ్చి, కరెంటు కెటిల్ కూడా పొయ్యి కిందికే వస్తుందా అని అడిగాడట. లచ్చన్న కాసేపు ఆలోచించి, అందులో నీళ్లు కాగుతాయి గనక వస్తుందని తేల్చాడు. ఆయన థాంక్యూ చెప్పి వెళ్లిపోయాడు. ఆ ఊళ్లో టీ లేకుండా తెల్లవారడం అదే మొదలు.

నేను పంపు గదికి వెళ్లాను. లచ్చన్న ఖర్జూరాలు తింటున్నాడు. అతని స్టవ్ కూడా చల్లగానే ఉంది.

"ఎవరు చెప్పమన్నారు లచ్చన్నా?"

"ఎవ్వలన్న జెప్పాల్నా సార్? ఊర్ల పీనుగ లేవకముందు పొయ్యి ఎట్ల ముట్టిస్తరు?"

శవం బుధవారమే ఆస్పత్రికి పోయింది కదా అన్నాను.

"దవాఖానకు పోవుడు పోవుడా సార్? నలుగురు ఎంట నడ్వలె. ఎవ్వలు సూడనన్న సూడలె. పొలిమేర దాటిచ్చి తోలితే అప్పుడు పోయినట్టు."

ఇది ఆ ఊరు కాదని చెప్పాలనుకున్నాను. ఊరు కాదంటే ఆ డబ్బా, ఆ గంట ఏమిటని అడుగుతాడని మానేశాను. సాయంత్రం మీటింగ్ ఉందని, ఇలాంటప్పుడు ఇలాంటి పని చేస్తే సహం బస్సు నీ అంతట నువ్వే ఎక్కినట్టని చెప్పి వచ్చాను. అతను ఖర్జూరం గింజలు ఏరి ఒక పక్కన పెట్టుకున్నాడు.

సాయంత్రం క్లబ్బులో కమిటీ కూర్చుంది. టీ కప్పులు అలవాటు ప్రకారం పెట్టారు, ఖాళీగా. లచ్చన్న గోడ పక్కన నిలబడ్డాడు. అతని మాటను ఇంగ్లీషులో చెప్పడానికి నన్ను పిలిచారు. ఈ ఉత్తర్వు ఎవరిదని ప్రౌట్ అడిగాడు. ఎవరిదీ కాదని, వాళ్ల వైపు ఆచారమని చెప్పాను. బల్ల చుట్టూ ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. టీ మానుకున్నది ఒక తోటమాలి మాట మీదనా అని తొమ్మిదో ఇంటాయన గొణిగాడు. సహంకు ఎవరిని పంపాలన్న ప్రశ్న తేలిపోయినట్టే కనిపిస్తున్నదని ప్రౌట్ అన్నాడు. ఇతను చెప్పుకునేది ఏమైనా ఉందా అని నన్ను అడిగాడు.

లచ్చన్న నేల చూస్తూ చెప్పాడు.

"సహంల మా రూమ్‌ల నర్సింగ్ అని ఉండె. నా పక్క మంచమే. ఒకనాడు పొద్దుగాల లేవలె. బండొచ్చి ఏస్కపోయింది. ఆ పొద్దు డ్యూటీ బంద్ కాలె సార్. మెస్‌ల కోడికూర వండిండ్రు. నేను గూడ తిన్న."

తలెత్తి, "ఇది ఊరన్నరు. ఊరనుకున్న" అన్నాడు.

నేను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. కోడికూర మాటా వదల్లేదు.

అప్పుడు హాల్డెన్ భార్య లేచింది. ఆమె కమిటీలో లేదు, వెనక కుర్చీలో కూర్చుంది. చెప్పింది కొంచెమే. ఈ రెండు సాయంత్రాలూ ఇళ్లలో వండేది లేక, ఏం చేయాలో తోచక, జనం తమ చల్లటి ప్లేట్లు పట్టుకుని తన వరండాకి వచ్చి కూర్చున్నారట. ఆరేళ్లుగా ఎదురింట్లో ఉన్న కల్నల్ కూడా వచ్చాడట. ఆయన తన వరండా ఎక్కడం అదే మొదటిసారట. ఆ మనిషిని ఎక్కడికీ పంపవద్దని చెప్పి కూర్చుంది.

ప్రౌట్ ఖాళీ కప్పును సాసరు మీద ఇటు నుంచి అటు తిప్పాడు. ఎవరి ఉత్తర్వో తెలియకుండానే ఇంత ఊరి చేత మాట వినిపించగలిగినవాడు ఈ కమిటీలో మరొకడు లేడని, కాబట్టి ఇతను లేకపోతే గడవదని కంపెనీకి చెప్పమన్నాడు. చేతులు లేచాయి. తొమ్మిదో ఇంటాయనది చివర లేచింది. లచ్చన్న సహం పోనక్కర్లేదని తేలింది.

ఆ మాట తెలుగులో చెబితే అతను తల ఊపి, హాల్డెన్ సాబ్‌ను తీసుకుపోయే బండి రేపు ఒకసారి వీధిలోకి రావాలని, అది కూడా వాళ్లకు చెప్పమని అడిగాడు. ప్రౌట్ ఒప్పుకున్నాడు. అసలు ఆ రాత్రి ఆయన దేనికైనా ఒప్పుకునేలా ఉన్నాడు.

ఆదివారం పొద్దున ఆస్పత్రి నుంచి శవంతో వచ్చిన బండి, ఆగాల్సిన విమానాశ్రయాన్ని దాటి వచ్చి, ఆష్‌కోట్ గేట్లోకి తిరిగింది. డ్రైవర్ విసుక్కుంటే నిసార్ అహ్మద్ ఏదో సర్దిచెప్పాడు. ముందు లచ్చన్న గంట కొడుతూ నడిచాడు. పండగ రోజున పెట్టుకోమని గంటతో పాటు కమిటీ ఇచ్చిన ఈక టోపీ ఆ రోజు పెట్టుకోలేదు. వెనక హాల్డెన్ భార్య, ఆ వెనక ఊరు, కొంతమంది ఇంటి చెప్పులతోనే. ఎర్ర డబ్బా దగ్గర మొదలై వీధి చివరి దాకా, మళ్లీ గేటు దాకా నడిచారు. బండి రోడ్డెక్కి కనపడకుండా పోయేదాకా లచ్చన్న అక్కడే నిలబడ్డాడు. తర్వాత బకెట్టు నీళ్లు తెచ్చి గేటు ముందు చల్లాడు. గంట తీసుకుని మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాడు.

"సాబ్ గో. ఫైర్ ఓకే."

అతను చివరి ఇల్లు చేరకముందే కెటిళ్ల కూతలు వినిపించాయి.

ఆ తర్వాత ఆ ఊరు అమ్ముడుపోయేదాకా లచ్చన్న అక్కడే ఉన్నాడు. మళ్లీ అక్కడ ఎవరూ చనిపోలేదు. జాగ్రత్తపడ్డారని నిసార్ అహ్మద్ అనేవాడు.

బండి వెళ్లిన ఆ ఆదివారమే హాల్డెన్ భార్య సాయంత్రం విమానానికి బయల్దేరాలి. ఇరుగుపొరుగు టీకి పిలిచినా వెళ్లక, పంపు గది వెనక్కి వచ్చింది. లచ్చన్న స్టవ్ ముట్టించి, ఉన్న ఒక్క గ్లాసు ఆమెకిచ్చి తను మూకుట్లో పోసుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను, మాట అందించడానికి. చక్కెర బాగా ఎక్కువైందని ఆమె అంది. మా ఊర్ల ఇంతే ఏస్తరని లచ్చన్న అన్నాడు. ఏ ఊరని ఆమె అడగలేదు. గ్లాసు ఖాళీ చేసి, ఇంకొంచెం పోయమంది.