నాలుగింటికల్లా వస్తానని

ఉత్తర ధ్రువం వైపు, ఈ మంచు నేల కొసనున్న మా ఊరి ఆసుపత్రికి నర్సుగా, ఎక్కడో దక్షిణాన ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దీవి నుంచి వచ్చింది డోరీన్. నాలుగేళ్లయింది. సెలవొస్తే చాలు, మంచుబండి వేసుకుని ఒక్కతే చెరువుకు పోయి, గడ్డకట్టిన నీటికి కన్నం పెట్టి చేపలు పట్టేది.

ఎప్పుడు తిరిగొచ్చేదీ ఎవరికో ఒకరికి చెప్పకుండా మావాళ్లు ఊరు దాటరు. మా అత్తగారు ఇలిసాపీ ఒకరోజు ఆసుపత్రిలో తన మోకాలికి డోరీన్ చేత కట్టు కట్టించుకుంటూ అడిగింది.

"ఎవరికి చెప్పి పోతున్నావే పిల్లా?"

"చీటీ రాసి మా ఫ్రిజ్‌కి అంటిస్తాను అవ్వా."

"నువ్వు రాకపోతే ఆ ఫ్రిజ్ వచ్చి వెతుకుతుందా? ఇకనుంచి నాకు చెప్పి చావు!"

ఆ ఆదివారం డోరీన్ మా గుమ్మంలోకొచ్చి, నాలుగింటికల్లా వస్తానని చెప్పి వెళ్లింది. నాలుగూ పదికి అత్తగారు నా చేతిలోని కారిబూ జింక మాంసం పులుసు గిన్నె లాక్కుంది.

"లే. పోయి చూడు."

తిట్టుకుంటూ బయల్దేరాను. ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. ఊరి వెనక గుట్ట చాటునే బండి మీద కూర్చుని ఉంది. ఇంజను ముట్టుకున్నాను. చల్లగా ఉంది. అక్కడికి చేరి గంటపైనే అయి ఉండాలి.

"బండి చెడిందా అక్కా?"

"లేదు."

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

డోరీన్ తల ఎత్తలేదు.

"నిజంగా ఎవరైనా వస్తారో రారో చూద్దామని."