అత్తయ్య దస్తీ

మా మేనత్త బోధన్ బస్సెక్కాలంటే ముందు కిటికీలోంచి సీటు మీద దస్తీ, అదే చేతిరుమాలు, వేసేది. తర్వాత "జర జరుగు బిడ్డా" అంటూ జనాన్ని తోసుకుని ఎక్కేది. మామయ్య చెరకు మిల్లు పనిమీద జాంబియాలో ఉన్నప్పుడు, ఓసారి ఆమెను మారుమూల అడవికి జంతువులను చూడటానికి తీసుకెళ్లాడు. కనుచూపు మేరలో మరో మనిషి లేడు. అయినా అత్తయ్య ఖాళీ జీపు ముందుసీటు మీద దస్తీ వేసిందట! కాసేపటికి దారికడ్డంగా ఓ ఏనుగు నిలబడింది. డ్రైవర్ జీపు ఆపేశాడు. అత్తయ్య మాత్రం మెల్లగా, "జర జరుగు బిడ్డా" అంది. ఏనుగు చెవులాడించి పక్కకు జరిగింది.

తిరిగొచ్చాక నిజామాబాద్ బస్టాండులో ఆమె బస్సెక్కేసరికి, సీటు మీది దస్తీ తీసేసి ఒకాయన కూర్చున్నాడు.

"ఆఫ్రికల ఏనుగే జరిగింది నాకు. నువ్వు జరుగవా?"

ఏ ఏనుగో అడగకుండానే లేచాడాయన.