ఎదురొచ్చిన ఆడవాళ్ళు

ఆరుసార్లు గెలిచిన మా ఎమ్మెల్యే మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు.

లంచం ముట్టడు, మందు ముట్టడు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అసెంబ్లీలో లేచాడంటే ఒకటే పాట. ఆడదాని పేరున ఆస్తి రాస్తే కాపురాలు నిలవవు, ఆడపిల్లలకు ఊరుదాటి హాస్టళ్ళు వద్దు, కులం దాటిన పెళ్ళికి పెద్దల సంతకం ఉండాలి. టీవీలో చూసి మా పేటంతా చప్పట్లు కొట్టేది. నేనూ కొట్టాను, సిగ్గులేక.

తర్వాత మా ఆయన సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఏడాది తిరక్కుండా పేటలో ఇళ్ళ పట్టాలిచ్చారు. జాబితాలో నా పేరుంటే, ఎమ్మెల్యే కొట్టించి మా ఆయన అన్నైన బావ పేరు రాయించాడు. మగదిక్కు లేని ఇంటికి బావే పెద్దట. పట్టా చేతికొచ్చిన వారానికే బావ నా గిన్నెలు బయట పెట్టాడు. నేను, నా కూతురు అమ్మ పంచన చేరాం.

అర్జీ పట్టుకుని ఆయనింటికి వెళ్ళాను. గేటు దగ్గరే ఆపేశారు.

"పొద్దున్నే నువ్వెదురొస్తే బాబుకి పడదు. మద్దేన్నం రా."

మధ్యాహ్నం వరండాలో కూర్చుని నా మొహం చూడకుండానే, "సర్దుకుపోవాలమ్మా. ఆడదానికి ఇల్లెందుకు, నీడుంటే సాలదా?" అన్నాడు. ఆ మాట నా గుండెలో అలాగే ఉండిపోయింది.

మళ్ళీ ఎలక్షన్లొచ్చాయి. జ్యోతిష్యుడు ఆయనకు నామినేషన్ల ఆఖరి రోజున, ఆఖరి గంటలో ముహూర్తం పెట్టాడు. ముందు జాగ్రత్తకు భార్య చేత కూడా ఒక నామినేషన్ వేయించమని పార్టీవాళ్ళు చెప్పారట. మా ఇంటి ఆడాళ్ళు ఆఫీసు మెట్లెక్కరు అన్నాడట. వాళ్ళ పనిమనిషి ఈ సంగతి చెప్పగానే నాకు ఒళ్ళంతా కొత్త బలమొచ్చింది. మా పేటలో మొగుడు పోయిన ఆడవాళ్ళం ఎనిమిది మందిమి. అందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. ఒక్కరూ కాదనలేదు.

ఆయన కారు కదలగానే నౌపడ ఉప్పేసి ఎండబెట్టిన చేపల గంపతో నేను ఎదురెళ్ళాను. కారు ఆగింది. ఆయన దిగి లోపలికెళ్ళి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాడు. ఈసారి మా పిన్ని ఎదురెళ్ళింది. మళ్ళీ దిగాడు. ఆ తర్వాత ఇంకొకామె.

"ఒసే, తప్పుకోండే! బాబు బయల్దేరాల!" అని అరిచాడొక అనుచరుడు.

"ఏటి బాబూ, సేపలమ్ముకోడానికీ మగదిక్కుండాలా?" అంది పిన్ని.

డ్రైవరు బతిమాలాడు. "టైమైపోతంది బాబూ, పోనిచ్చేస్తాను."

"ఎదురొచ్చాక ఎలాగెల్తాన్రా?" అని ఆయన కసిరాడు. దొడ్డిదారిన వెళ్ళడం మరీ అశుభమట. మేం ఎనిమిది మందిమీ, ఒకరి తర్వాత ఒకరం, తాపీగా నడిచాం. అబ్బ, నా జన్మలో అంత తీపి నడక నడవలేదు!

చివరికి కారు వెళ్ళేసరికి ఆఫీసు తలుపులు మూసేశారు. ఆయన నామినేషన్ లేదు, భార్యదీ లేదు.

సాయంత్రం తిరిగొస్తూ నా దగ్గర కారాపాడు. మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

"ఎవరమ్మా నువ్వు? నీకు నేనేం సేసేను?"

"పట్టాలో మీరు పేరు కొట్టించినదాన్ని బాబూ."

"ఏ పేరు?" అన్నాడు.

నేను చెప్పలేదు. కొట్టించిన పేర్లన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకోనీ.

ఇల్లు ఇప్పటికీ బావ పేరునే ఉంది. ఈసారి మళ్ళీ నిలబడతానని ఆయన తిరుగుతున్నాడు. నిలబడనివ్వండి. మొన్న మా పేటలో మరొకామె భర్త వేట నుంచి రాలేదు. ఏడుస్తూనే నా దగ్గరకొచ్చి, నామినేషన్ ఏ రోజని అడిగింది. ఇప్పుడు మేం తొమ్మిది మందిమి.